ఎమీలియాలో సుత్తి చప్పుడు

చీజ్‌ని తెలుగులో ఏమనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. నిఘంటువులు జున్ను అంటాయి. జున్నంటే మనకు ఈనిన గేదె ముర్రుపాలు, బెల్లం, మిరియాలపొడి, ఆవిరి మీద ఉడికిన గిన్నె. దానికీ, ఇటలీలో రెజ్జో ఎమీలియా దగ్గర ఒక పల్లెటూరి గోదాములో చెక్క అరల మీద కూర్చున్న నలభై కిలోల పచ్చటి దిమ్మెకీ ఏ చుట్టరికమూ లేదు. అందుకని చీజ్ అనే అంటాను.

ఆ దిమ్మెను ఒకాయన బల్ల మీదికి దించి చిన్న సుత్తితో తట్టడం మొదలుపెట్టాడు. పైన, అంచున, తిరగేసి కింద. చెవి దగ్గరగా పెట్టి వింటున్నాడు. సంతలో మా నాన్న పుచ్చకాయని వేలి కణుపుతో కొట్టి ఇలాగే వినేవాడు. ఆ సమయంలో పక్కన ఎవరు మాట్లాడినా కోపం వచ్చేది. ఈయనా అంతే. నేను గొంతు సవరించుకుంటే ఓ చూపు చూశాడు. పది దిమ్మెలు గడిచాయి. పదకొండోదాని మీద ఒకచోట చప్పుడు మారిందట. నాకేమీ తేడా వినపడలేదు. ఆయన అక్కడే మళ్ళీ రెండుసార్లు తట్టి, సన్నటి ఇనుప సూది ఒకటి గుచ్చి, బయటికి లాగి వాసన చూసి, ఏమీ అనకుండా దాన్ని పక్కకి తీయించాడు.

"దాన్నేం చేస్తారో అడుగు" అన్నాను మా మేనల్లుడితో. వాడు మిలాన్‌లో చదువుకుంటున్నాడు, ఈ యాత్రంతా వాడి నోటితోనే నడిచింది.

"తింటారు మావయ్యా, పారేయరు. పేరు మాత్రం గీకేస్తారట."

పేరంటే ఆ దిమ్మె ఒంటి చుట్టూ చుక్కలు చుక్కలుగా దిగిన అక్షరాలు, పార్మిజానో రెజ్జానో అని. మొదటి రోజుల్లో, ఇంకా మెత్తగా ఉండగానే అచ్చులో ఆ అక్షరాలు పడిపోతాయి. అంటే పుట్టగానే పేరు పెట్టేస్తారు. పన్నెండు నెలలు నిండాక సుత్తి పరీక్ష. నెగ్గినవాటికి కాల్చిన ముద్ర పడుతుంది. చిన్న లోపం ఉంటే గీతలు గీసి రెండో రకం కింద పంపుతారు. లోపల చీలికో గాలి బుడగో ఉండి బొత్తిగా ఓడినవాటికి చుక్కలన్నీ గీకి నున్నగా చేసేస్తారు. అవే పాలు, అదే కాగు, అదే చెయ్యి. రుచిలో తేడా మీకూ నాకూ తెలియకపోవచ్చు కూడా. అయినా పేరు ఉండదు.

ఇలాంటి దిమ్మెలు ఏడాదికి సుమారు నలభై లక్షలు తయారవుతాయి. ఒక్కోదాన్నీ ఇలా ఒక మనిషి తట్టి వినాల్సిందే.

నేను గుంటూరులో ముప్ఫై ఏళ్ళు బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆ రసీదు మీద అప్పు తీసుకున్నవాళ్ళను ఎందరిని చూశానో లెక్కలేదు. ఈ ప్రాంతంలో చీజ్‌ని తాకట్టు పెట్టుకునే బ్యాంకు ఒకటుందని ఎప్పుడో చదివాను. క్రెడిటో ఎమీలియానో దాని పేరు. 1953 నుంచీ ఈ పని చేస్తోంది. లెక్క తేలికే: రైతు ఈరోజు పాలు పోస్తాడు, చీజ్ అమ్ముడుపోయేది ఏడాదిన్నరకో రెండేళ్ళకో. మధ్యలో దాణా కొనాలి, జీతాలివ్వాలి. బ్యాంకు ఆ దిమ్మెల్ని తన గోదాముల్లో లక్షల్లో పెట్టుకుని అప్పు ఇస్తుంది. మిర్చి మీద అప్పిచ్చిన రోజు నుంచీ మాకు సరుకు రంగు తగ్గుతుందేమో, ధర పడిపోతుందేమో అని గుబులుగా ఉండేది. ఇక్కడ తాకట్టు సరుకు గోదాములో కూర్చునే కొద్దీ ముదిరి విలువ పెరుగుతుంది. గోదాము సిబ్బందే వాటిని తిప్పుతారు, దుమ్ము తుడుస్తారు, తట్టి చూస్తారు. నా సర్వీసంతా కలిపి నేను ఒక్క మిర్చి బస్తాను కూడా తిప్పించలేదు. అసలు ఇటలీ రావడానికి నాకున్న కారణం ఇదే. మా ఆవిడకు మాత్రం వెనిస్ అని చెప్పి తీసుకొచ్చాను. (వెనిస్ చివర్లో ఒకటిన్నర రోజు చూశాం. దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు.)

మిలాన్ నుంచి వచ్చే రైలు పియాచెంజా దాటాక తాడు పట్టి గీసినంత తిన్నగా పోతుంది. పక్కనే రోడ్డు. క్రీస్తు పూర్వం 187లో మార్కస్ ఎమీలియస్ లెపిడస్ అనే రోమన్ అధికారి పియాచెంజా నుంచి సముద్రం ఒడ్డున రీమిని దాకా వేయించిన బాట అది. ఆయన పేరు బాటకు వచ్చింది, బాట పేరు ప్రాంతానికి వచ్చింది. పార్మా, రెజ్జో, మోదెనా, బొలోన్యా అన్నీ దాని మీదే ఉన్నాయి. సైప్రస్ చెట్ల వరసలు, గుట్ట మీద రాతి ఇల్లు, ఇలాంటి క్యాలెండర్ బొమ్మల కోసం వచ్చేవాళ్ళకి ఈ దారి నచ్చకపోవచ్చు. చదునైన నేల, మొక్కజొన్న, లూసర్న్ గడ్డి, కాలవలు, కాలవగట్లు, పందుల షెడ్లు. మా ఆవిడ కిటికీలోంచి చూసి, "దీనికోసం ఇంత దూరం రావాలా, తెనాలి వెళ్ళినా ఇదేగా" అంది. సెప్టెంబరు చివరి వారం కాబట్టి ద్రాక్ష కోతలు ఇంకా సాగుతున్నాయి. అదొక్కటే తెనాలికి తేడా.

చీజ్ వండేది తెల్లవారి. ఇక్కడ వండటమనే అంటారు, నిజంగా వంటే. ముందు రోజు సాయంత్రం పాలు వెడల్పాటి లోతులేని తొట్లలో రాత్రంతా పెడితే మీగడ పైకి తేలుతుంది. దాన్ని తీసేసి, కింది పాలలో ఉదయం పితికిన పాలు కలిపి రాగి కాగుల్లోకి వదులుతారు. బోర్లించిన గంట ఆకారంలో నేలలోకి దిగి ఉంటాయి ఆ కాగులు. ఒక్కోదాంట్లో వెయ్యి లీటర్ల పైన పాలు. దాన్నుంచి రెండే రెండు దిమ్మెలు. నిన్నటి చీజ్ తీశాక మిగిలిన తేట నీళ్ళను కొంచెం దాచి ఇవాళ్టి పాలకు తోడు వేస్తారు. మన పెరుగు తోడు లాంటిదే. నిన్నటి తోడు మొన్నటిది, మొన్నటి తోడు అటు మొన్నటిది. పాలు గడ్డకట్టగానే తీగల బుడ్డి లాంటి పెద్ద గరిటెతో బియ్యపు గింజలంత అయ్యేదాకా చితక్కొడతారు. ఆపైన 55 డిగ్రీల దాకా వేడి చేసి, కదపకుండా వదిలేస్తే గింజలన్నీ అడుగున చేరి ఒక్క ముద్దవుతాయి. ఇద్దరు మనుషులు ఆ ముద్దను నారగుడ్డలోకి ఎత్తి, కత్తితో రెండు చేసి, రెండింటినీ పక్కపక్కన వేలాడదీస్తారు. వాటిని కవలలంటారు.

ఆవులకు పాతర గడ్డి పెట్టకూడదు. పాలలో ఇంకేమీ కలపకూడదు. సెలవు లేదు, ఆవుకి ఆదివారం తెలియదు కనుక కజారోకీ లేదు. కజారో అంటే చీజ్ వండే పెద్ద. ఆయన కాగులో మోచేతి దాకా చెయ్యి పెట్టి గింజల్ని పిసికి చూసి మంట కట్టించడం నాలుగు కాగుల దగ్గర చూశాను. పక్కన ఉష్ణోగ్రత చూపే మీటరుంది. అటు చూడలేదాయన.

మేము రెండో రోజే అక్కడికి వెళ్ళాం. అప్పటికి మా ఆవిడ మూడు పూటలు పాస్తా తిని ఉంది. ఆవిడ శాకాహారి, గుడ్డు తప్పదని ఇక్కడికి వచ్చాక ఒప్పుకుంది, మాంసం చేపా ముట్టదు. కజారో పాలు గడ్డకట్టించే చిన్న డబ్బా చూపించి ఏదో చెబుతుంటే మావాడు తర్జుమా సగంలో ఆపేశాడు.

"ఏమిట్రా అది?" అంది ఆవిడ.

"రెనెట్ అత్తయ్యా."

"అంటే?"

వాడు నా వైపు చూశాడు. నేను కాగు వైపు చూశాను. చివరికి వాడే చెప్పాడు: దూడ కడుపులోంచి తీసేది.

ఆవిడ ఓ నిమిషం మాట్లాడలేదు. "నిన్నట్నుంచీ నా పాస్తా మీద చల్లిన పొడి ఇదేనా?" అని అడిగింది. ఇదే. "సరే, తెలియక తిన్నది తిన్నాను. ఇక వద్దు" అంది. అంతే, గొడవేమీ లేదు. మావాడు మొహమాటపడుతూ ఆ సంగతి కజారోకి చెప్పి, వేరే రెనెట్‌తో చేయరా అని అడిగాడు. చేసేవాళ్ళున్నారట, వేరే చోట్ల, వేరే పేర్లతో. "ఇక్కడ దూడది కాకుండా ఇంకేదైనా వేస్తే దీన్ని పార్మిజానో అనే హక్కు నాకుండదు. ఆవిడకు వద్దంటే వద్దు, అందులో తప్పేముంది" అన్నాడాయన. ఇద్దరూ ఒకరికొకరు తలూపుకున్నారు. ఆ గదిలో ఇబ్బంది పడింది నేనూ మా మేనల్లుడే.

మేం దిగింది మోదెనా దక్షిణాన, కస్తెల్వెత్రో గుట్టల్లో ఒక రైతు ఇంట్లో. అగ్రితురీజ్మో అంటారు. సేద్యం గిట్టక పల్లెలు ఖాళీ అవుతున్న రోజుల్లో, 1985లో దీనికొక చట్టం తెచ్చారు: రైతు అతిథుల్ని పెట్టుకోవచ్చు, భోజనం అమ్మవచ్చు, కానీ సేద్యమే ప్రధాన వృత్తిగా ఉండాలి, వడ్డించేదాంట్లో సొంత పంట ఉండాలి. అంచేత నాలుగు గదులకు రంగులేసి హోటలు నడిపేవాడు ఆ పేరు పెట్టుకోలేడు. మా ఇంటివాళ్ళకు ద్రాక్ష తోట, చెర్రీ చెట్లు, కోళ్ళు, ఓ కూరగాయల మడి ఉన్నాయి. పెద్దావిడ వంట. కొడుకు తోట. పెద్దాయన పని అందరినీ విమర్శించడం.

పెద్దావిడ పిండి వత్తడం మా ఆవిడ పక్కనే నిలబడి చూసింది. వంద గ్రాముల పిండికి ఒక గుడ్డు, నీళ్ళు లేవు. అప్పడాల కర్ర వీళ్ళది నా చెయ్యంత పొడుగు. బల్ల నిండా పరుచుకునే ఒకే ఒక్క రొట్టె, వెనకనున్న గుడ్డ పువ్వులు కనిపించేంత పల్చగా. రెండోది వత్తుతుంటే ఒక మూల చిరిగింది. అతికించొచ్చు. ఆవిడ అతికించలేదు. కత్తి తీసుకుని దాన్ని వంకరటింకర ముక్కలుగా కోసి పక్కన పడేసింది. వాటికి మల్తల్యాతి అని పేరు, అడ్డదిడ్డంగా కోసినవి అని అర్థం. రేపు బీన్స్ పులుసులో పడతాయి. ఇక్కడా అదే వరస అనుకున్నాను: ఏదీ వృథా పోదు, కానీ ఓడినదాన్ని మొదటి పేరుతో పిలవరు.

మొదటి పేరుతో మిగిలింది తోర్తెల్లీని. చిటికెన వేలి గోరంత ముక్కలో మాంసం ముద్ద పెట్టి, మడిచి, వేలి చుట్టూ తిప్పి అతికించడం. సత్రంలో దిగిన వీనస్ దేవతను తాళపుకప్ప సందులోంచి దొంగచూపు చూసిన వంటవాడికి ఆవిడ బొడ్డు మాత్రమే కనిపించిందని, ఆ ఆకారమే ఇదని కథ. ఆ సత్రం కస్తెల్ఫ్రాంకోలో ఉండేదని మోదెనావాళ్ళు, మాదేనని బొలోన్యావాళ్ళు. బొలోన్యావాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి 1974 డిసెంబరు 7న తోర్తెల్లీని లోపలి ముద్దకు ఏమేం పడాలో రాయించి అక్కడి వాణిజ్య మండలిలో దాఖలు చేశారు. అంతకు రెండేళ్ళ ముందే తల్యతెల్లె పాస్తా వెడల్పు ఉడికాక ఎనిమిది మిల్లీమీటర్లు ఉండాలని బంగారు నమూనా చేయించి అక్కడే పెట్టారు. ఇది విని మా ఆవిడ, "గోంగూర పచ్చడిని మనం ఎవరి చేత రిజిస్టరు చేయిస్తాం? మీ అమ్మదా, మా అమ్మదా?" అంది. నేను జవాబు చెప్పే ప్రశ్న కాదది.

ఆవిడ కోసం పెద్దావిడ గుమ్మడికాయ తోర్తెల్లి చేసింది. వెన్న, సేజ్ ఆకు, చీజ్ ఆపేసింది. ఆ తర్వాత బల్ల మీదికి పొంగిన పూరీలు వచ్చాయి. నిజం పూరీలే, పలకలుగా కోసినవి. మా ఆవిడ మొహం వెలిగింది. చెయ్యి చాచింది. మావాడు మళ్ళీ అరిచాడు. న్యొక్కో ఫ్రిత్తో అంటారు వాటిని, పంది కొవ్వులో వేయిస్తారు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, సంచిలోంచి కంది పొడి డబ్బా తీసి వట్టి రొట్టె మీద జల్లుకుంది. పెద్దాయన ఆ పొడి నాక్కూడా అని సైగ చేశాడు. రెండోసారి కూడా అడిగాడు. గుంటూరు తరఫున నాకు దక్కిన ఒకే ఒక్క గెలుపు అది.

ఆ పూరీల మధ్య హామ్ పెట్టుకుని, పక్కన లంబ్రుస్కో. ఎర్ర వైన్, కానీ సోడాలా బుసబుసలాడుతుంది, గ్లాసులో ఊదారంగు నురగ లేస్తుంది. వైన్ పండితులు దీన్ని చాలాకాలం లెక్కలోకి తీసుకోలేదు. 1970లలో తియ్యగా చేసి అమెరికాకి కోట్ల సీసాలు పంపడం వల్ల వచ్చిన చెడ్డపేరది. ఇంటి దగ్గర తాగేది తియ్యగా ఉండదు, పుల్లగా, కొద్దిగా వగరుగా ఉంటుంది. పంది కొవ్వు నాలుక మీద పేరుకుంటే ఆ పులుపు, ఆ బుడగలు కడిగేస్తాయి. మనం నెయ్యి ఎక్కువైన పప్పన్నం తర్వాత చారు కోరుకుంటామే, అలాగ. నేను తాగుబోతును కాదు, పండితుణ్ణీ కాదు. ఒక్కటి చెప్పగలను: ఈ వైన్‌ని విడిగా రుచి చూసి మార్కులేసేవాడు చారును గ్లాసులో పోసుకుని మార్కులేసేవాడితో సమానం. పెద్దాయన దీన్ని రుజువు చేస్తున్నట్టు తన తోర్తెల్లీని పులుసులోనే ఇంత వైన్ ఒంపుకున్నాడు. పెద్దావిడ మొహం తిప్పుకుంది. పాతకాలం వాళ్ళ అలవాటట.

మోదెనాకి ఉత్తరాన సొర్బారా అనే ఊరి పేరుతో ఇంకో రకం లంబ్రుస్కో ఉంది. రంగు లేతగా, పులుపు పదునుగా ఉంటుంది. ఆ ద్రాక్ష పువ్వులో పుప్పొడికి చేవ ఉండదు. అందుకని దాని పక్కన సలమీనో అనే ఇంకో జాతి తీగలు వేయాలి. గాలి వాటమో వర్షమో తేడా చేస్తే గుత్తిలో సగం గింజలు కట్టవు. తేలికగా పండే జాతులుండగా దీన్నెందుకు పెంచుతారని అడిగాను. తోటవాడు గ్లాసు నా చేతికిచ్చాడు.

హామ్ సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అది ఆరబెట్టే ఊరు లంగిరానో వెళ్ళిన రోజు వానలో తడిసి నాకు జ్వరం వచ్చింది. పార్మా హామ్ అంటే పంది తొడ, ఉప్పు, గాలి. నాలుగోది లేదు. లోయలోంచి వీచే గాలి కోసం ఆరబెట్టే భవనాలకు పొడవాటి సన్నటి కిటికీలుంటాయి. కనీసం పద్నాలుగు నెలలు. ఆఖర్న ఒకాయన గుర్రపు ఎముకతో చేసిన సూదితో ఒక్కో తొడనూ ఐదుచోట్ల గుచ్చి వాసన చూస్తాడు. ఆ ఎముక వాసనను వెంటనే పట్టుకుంటుంది, వెంటనే వదిలేస్తుంది. బాగుంటే కిరీటం ముద్ర. లేకపోతే అదీ పేరు పోగొట్టుకున్న మాంసమే. అన్నట్టు, చీజ్ తీశాక మిగిలిన తేట నీళ్ళు వెళ్ళేది ఈ పందుల తొట్లలోకే.

నాకు బాగా పట్టినది వెనిగరు. వెనిగరు గురించి ఇంత రాస్తానని నేనే అనుకోలేదు.

మన సూపర్‌మార్కెట్లలో దొరికే బాల్సమిక్ వేరు, ఇది వేరు. అది వైన్ వెనిగరులో ద్రాక్ష రసం కలిపి కనీసం రెండు నెలలుంచి సీసాకెత్తేది. చెడ్డదేం కాదు, సలాడ్‌కి సరిపోతుంది. మోదెనా ఇళ్ళల్లో చేసేదాని పేరు చివర 'సంప్రదాయ' అనే మాట అదనం: అచెతో బల్సామికో త్రదిత్సొనాలే. ద్రాక్ష రసం తప్ప అందులో ఏమీ పడదు. కోతలప్పుడు రసాన్ని మూత లేని పెద్ద బానలో గంటల తరబడి సన్నని మంట మీద మరగనిస్తారు. మేమున్న ఇంట్లో ఆ రోజు అదే పని. వాసన దూరం నుంచే వచ్చింది. అనకాపల్లి వైపు చెరకు గానుగల దగ్గర బెల్లం వండే వాసన ఎరిగినవాళ్ళకి వేరే వర్ణన అక్కర్లేదు.

ఆ పాకాన్ని అటక మీదికి తీసుకెళ్తారు. నేలమాళిగలోకి కాదు, అటక మీదికి. ఎండాకాలం మాడిపోవాలి, చలికాలం బిగుసుకోవాలి. అక్కడ పీపాల వరస ఉంటుంది, అయిదో ఆరో ఏడో, పెద్దదాని నుంచి చిన్నదాకా. ఒక్కోటీ ఒక్కో కర్ర: ఓక్, చెస్ట్‌నట్, చెర్రీ, మల్బరీ, జూనిపర్. మూతి మీద గుడ్డ ముక్క, ఎగరకుండా మీద ఓ గులకరాయి. ఏడాదికోసారి అన్నిటికన్నా చిన్న పీపాలోంచి కొద్దిగా తీసుకుంటారు. తీసిన లోటును పక్కనున్న కొంచెం పెద్ద పీపాలోంచి పూడుస్తారు, దాని లోటును దాని పక్కదాన్నుంచి, చివరకు పెద్ద పీపాలో కొత్త పాకం. ఏ పీపానీ ఎప్పుడూ ఖాళీ చేయరు. గాలికి ఆవిరైపోయింది పోగా పన్నెండేళ్ళకు ఒక రకం, ఇరవై అయిదేళ్ళకు ఇంకో రకం. ఆడపిల్ల పుడితే ఆ ఏడాది ఒక వరస మొదలుపెట్టి పెళ్ళికి సారెగా ఇవ్వడం ఇక్కడ పాత ఆచారం. మేం దిగిన ఇంట్లోనూ ఒక వరస మీద చాక్‌పీస్‌తో మనవరాలి పేరుంది. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. తన పీపాల్లోది తను ఇంకా రుచి చూడలేదు.

ఆఖరి అంకం నాకు అన్నిటికన్నా నచ్చింది. ఇంటివాళ్ళు సొంతంగా సీసాలోకి ఎత్తి ఆ పేరుతో అమ్మడానికి లేదు. నమూనా ముందు రుచి చూసే నిపుణుల దగ్గరకు వెళ్ళాలి. ఎవరి వెనిగరో వాళ్ళకు చెప్పరు. రంగు, చిక్కదనం, వాసన, పులుపు, అన్నీ చూసి మార్కులేస్తారు. చాలకపోతే వెనక్కి పంపుతారు, అంటే మళ్ళీ అటక మీదికి, ఇంకో ఏడాదో రెండేళ్ళో. నెగ్గితేనే వంద మిల్లీలీటర్ల గుండ్రటి సీసాలోకి. మోదెనాలో ఎవరు చేసినా సీసా ఒకటే ఆకారం. దాన్ని గీసింది కార్ల రూపశిల్పి జుజ్జారో. దగ్గర్లో స్పిలంబెర్తో అనే చిన్న ఊళ్ళో వీటికో మ్యూజియం ఉంది. పెద్దాయన ఒకసారి ఓడిపోయాడట. ఆ మాట చెప్పింది కోడలు, ఆయన బయటికెళ్ళాక. పన్నెండేళ్ళ సరుకు వెనక్కి వచ్చిందని వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, మరుసటి ఏడాది మళ్ళీ పంపలేదు, ఆ పైయేడు పంపాడు.

దీన్ని వింటూ నేను మా మిర్చి యార్డు తలుచుకున్నాను. తాలు కాయ ఎంత కలిసిందో బస్తాలో చెయ్యి పెట్టి చెప్పగల మనుషులు మాకూ ఉన్నారు, ఈ సుత్తాయనకు ఏమాత్రం తీసిపోరు. గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కానీ ఆ చెయ్యి ధర తగ్గించడానికే పనికొస్తోంది, పేరు తీసేయడానికి కాదు. తాలు కాయ వేరే గుట్టలో అమ్ముడై, ఎక్కడో మరపట్టి, రంగు కలిసి, గుంటూరు కారం పేరుతోనే పొట్లంలోకి వెళుతుంది. నువ్వు గుంటూరు కారానివి కావు పో అని దాన్ని ఆపే మనిషి నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నాకు తారసపడలేదు. అప్పిచ్చిన నేనూ ఆపలేదు.

వెనిగరు మా ఆవిడకు నిక్షేపంగా చెల్లింది. చెంచాలో రెండు చుక్కలు, విడిగా. పులుపు, తీపి, కాస్త పొగ. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చింతకాయ తొక్కు ముదిరితే వచ్చే రుచిలాంటిది లోపలెక్కడో ఉంది" అంది. వెలకు వెనకాడే మనిషి, సీసా వెల విని కూడా కొనమంది. పన్నెండేళ్ళదే.

వెనిస్ వెళ్ళే ముందు, ఎమీలియాలో మా చివరి రోజు ఆదివారం. కజారో చెప్పిన ఒక మాట పట్టుకుని నొవెల్లారా వెళ్ళాం. ఆ చీజ్ కేంద్రానికి పాలు పోసే కొట్టంలో ఆవుల్ని చూసేది పంజాబు నుంచి వచ్చిన సర్దార్జీ అట. 1980ల చివర నుంచీ ఇక్కడి కుర్రాళ్ళు రోజుకు రెండుసార్లు పాలు పితికే పనికి రావడం మానేస్తుంటే, ఆ ఖాళీలోకి పంజాబీలు వచ్చారు. ఈ మైదానంలో చాలా కొట్టాల్లో ఇవాళ వాళ్ళే ఉన్నారు. నొవెల్లారాలో 2000లో పెద్ద గురుద్వారా కట్టుకున్నారు. మొక్కజొన్న చేల మధ్య తెల్లటి గుమ్మటం, కాషాయ జెండా.

కింద కూర్చోబెట్టి పప్పు, కూర, రొట్టె, పెరుగు, పాయసం పెట్టారు. మా ఆవిడ ఏదీ అడగకుండా, ఎవర్నీ అడిగించకుండా తిన్న మొదటి భోజనం అది. పక్కన కూర్చున్నాయన పదిహేడేళ్ళుగా పాలు పితుకుతున్నానన్నాడు హిందీలో. తెల్లవారి మూడింటికి లేస్తాడు. మీ పాలతో చేసే చీజ్ ఎలా ఉంటుంది అని అడిగాను నేను, నా బ్యాంకు హిందీలో.

"తెలియదు భాయ్‌సాబ్. నేను అమృతం పుచ్చుకుని దీక్ష తీసుకున్నవాణ్ణి. దాంట్లో దూడది పడుతుంది కదా, మేం తినం" అన్నాడు.

మా ఆవిడ ఆయన వైపు తిరిగి మొదటిసారి సంతోషంగా నవ్వింది. తనకు రాని హిందీలోనే, "నేనూ అంతే" అంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి కొన్ని మాటలు. చీజ్ వండటం చూడాలంటే ముందుగా చెప్పి, ఉదయం ఎనిమిదిన్నరలోపు చేరండి. పదింటికల్లా కాగులు కడిగేస్తారు. బాల్సమిక్ కొంటే సీసా మీద 'త్రదిత్సొనాలే' అనే మాట ఉందో లేదో చూడండి, కొన్నాక దాన్ని పొయ్యి మీద పెట్టకండి. అద్దె కారుతో పాత ఊళ్ళ నడిబొడ్డుకు వెళ్ళకండి; కెమెరాలుంటాయి, జరిమానా కాగితం మూడు నెలలకు ఇంటికొస్తుంది, మాకు రెండొచ్చాయి. శాకాహారులు ఏదైనా ఒక పూట నొవెల్లారాలో తినండి. డబ్బు తీసుకోరు, తల మీద కప్పుకోవడానికి రుమాలు ఒకటి దగ్గర పెట్టుకోండి.